చెయ్యి ఎత్తే చోటు

రాస్తున్నది కుడిచెయ్యి, మండుతున్నది ఎడమచెయ్యి. నాలుగు వేళ్ళ కొసల మీదా గిటారు తీగలు దిగిన గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సబ్బు పెట్టి కడుక్కున్నా తుప్పు వాసన పోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇనుము, పాత చెక్క, కొంచెం కలరా ఉండల వాసన. నాకు ఇది మా పక్కింటి డాక్టరమ్మ గారి వాసన. ఆవిడ గురించి ఇన్నాళ్ళూ ఒక్క ముక్క కూడా రాయలేకపోయాను. ఆవిడ ఉన్నప్పుడు నాకు అక్షరాలు రావు. అక్షరాలు వచ్చేసరికి ఆవిడ లేరు. ఆ తర్వాత కూడా కలం పట్టుకుంటే "వసుంధర గారు" అని రాసి అక్కడే ఆగిపోయేదాన్ని. పేరు పక్కన "ఉండేవారు" అని రాయడానికి చెయ్యి వచ్చేది కాదు.

నేను చీరాల దగ్గర నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టాను. బడికి పోవాల్సిన వయసులో కండెలు చుట్టాను. మగ్గంలో అడ్డంగా నేసే నూలును చిన్న చిన్న గొట్టాలకి చుట్టి ఇవ్వడం మా ఇళ్ళలో ఆడపిల్లల పని. ఆ తర్వాత పెళ్ళి, పిల్ల, మళ్ళీ అదే పని. చదువు రాకపోవడం అప్పుడు లోటుగా అనిపించలేదు, మా వీధిలో చాలామందికి రాదు. మా ఆయన పోయాక మా అమ్మాయి కాన్పుకని మెల్‌బోర్న్ పక్కనున్న ఈ వెర్రిబీ వచ్చి, మనవరాలు నిత్యను పెంచుతూ ఇక్కడే ఉండిపోయాను. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే రైలెక్కి ఆఫీసులకు పోతే, పిల్ల నిద్రపోయాక ఇల్లంతా నిశ్శబ్దం. ఇక్కడి నిశ్శబ్దం మా ఊరి నిశ్శబ్దం లాంటిది కాదు. మా ఊళ్ళో ఎంత మధ్యాహ్నమైనా ఎక్కడో ఒక మగ్గం ఆడుతూనే ఉంటుంది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల నుంచి ఆ చప్పుడు వచ్చింది. గిటారు అని కూడా తెలియదు నాకు. ఒక తీగ మోగి అది పూర్తిగా ఆరిపోకముందే ఇంకొకటి మోగుతోంది. తడి తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఎవరమ్మా అది? ఆ తువ్వాలు ఆరేస్తున్నావా, జోకొడుతున్నావా?" అని అవతల నుంచి తెలుగులో గొంతు వినిపించింది.

"వింటన్నానండీ," అన్నాను భయపడి.

"వినేవాళ్ళు కూర్చుని వినాలి. గేటు తీసే ఉంది, పిల్లనెత్తుకుని రా."

వెళ్ళాను. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న సన్నటి మనిషి. ఎప్పుడో చిన్నవయసులో ఈ దేశం వచ్చి, నగరాలకు దూరంగా ఉండే చిన్న చిన్న ఆసుపత్రుల్లో పనిచేసి, రిటైరై, భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. ఆవిడ వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. నా పేరు అడిగి, చెయ్యి ఇటు పెట్టమని, అరచెయ్యి తిప్పి, కండెలు చుట్టి గట్టిపడిన వేళ్ళను ఒక్కొక్కటే నొక్కి చూశారు.

"జ్వరమేం లేదు. రేపట్నించి రా," అన్నారు.

"ఈ వయసులో నాకెందుకండీ డాక్టరమ్మా, నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నా వేళ్ళు రిటైరవుతున్నాయి మణీ, వీటి డ్యూటీ ఎవరికైనా అప్పజెప్పాలి. హాస్పిటల్లో అయితే నైట్‌డ్యూటీ వాళ్ళొచ్చేదాకా కదలనిచ్చేవాళ్ళు కాదు."

మరునాడు బల్ల మీద ఒక కాగితం పెట్టారు. గిటారు మీద వేళ్ళు ఎక్కడెక్కడ పెట్టాలో బొమ్మలు, వాటి పైన ఇంగ్లీషు అక్షరాలు. నేను కాగితం వైపు చూడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చదువు రానివాళ్ళకి కాగితం ఎదురైనప్పుడు కళ్ళు ఎటు పోతాయో ఆవిడ ఆసుపత్రుల్లో చూసే ఉంటారు. ఏమీ అడగలేదు. కాగితాన్ని మడిచి టీకప్పు కింద పెట్టేసి, తన వేళ్ళు తీగల మీద పెట్టి, "ఇది నీ కంటికి ఎట్లా ఉందో చెప్పు," అన్నారు. మూడు వేళ్ళు ముక్కోణంలో ఉన్నాయి. "పొయ్యిరాళ్ళు," అన్నాను. ఆ రోజు నుంచి దాని పేరు పొయ్యి. ఒకదాని కింద ఒకటి ఏటవాలుగా దిగేవి మెట్లు. రెండు వేళ్ళూ పక్కపక్కన నిలబడితే అక్కాచెల్లెళ్ళు. ఈ చివరి నుంచి ఆ చివరికి చాపితే దండెం. చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పడితే గడియ. గడియ అంటే నాకు మహా భయం, వేలు విరిగిపోతుందేమో అనిపించేది. "దండెం నుంచి మెట్లకి రావడానికి అంతసేపా? కాళ్ళనొప్పులా?" అనేవారు. తీగను గట్టిగా నొక్కితే, "పలకరిస్తున్నావా, పీక నులుముతున్నావా?" అనేవారు.

నేర్చుకున్నది వేళ్ళకు ఎక్కిందో లేదో చూడటానికి ఆవిడకొక పద్ధతి ఉండేది. "వేళ్ళనే చూస్తూ కూర్చోకు, వాటికి సిగ్గు. నాతో కబుర్లు చెప్తూ ఉండు, వాటి పని అవి చేసుకుంటాయి," అనేవారు. కబుర్లంటే నాకేం తెలుసు, వంట తప్ప? వెర్రిబీ సౌత్‌లో పొలాల పక్కన, రోడ్డు మీద బల్లలేసి అమ్మే పెద్ద పెద్ద కాలీఫ్లవర్లతో నేను ఆవకాయ పెడతాను. ఆవిడకి అది ప్రాణం.

"చెప్పు, ఆవకాయ ఎట్లా పెట్టావు?"

"పువ్వు తుంచి, ముక్కలు కడిగి..." చెయ్యి ఆగింది.

"కడుగుతూ నిద్రపోయావా? పాట ఆగింది."

"ముక్కలు కడిగి, గుడ్డ మీద ఆరబోసి..." ఈసారి నోరు ఆగింది.

ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేవాళ్ళం. చాలా రోజుల తర్వాత ఒకసారి మొదటి నుంచి చివరి దాకా ఆవకాయ పెట్టడం పూర్తయింది, పాట కూడా పూర్తయింది. ఆవిడ లేచి వెళ్ళి టీ పెట్టారు.

అది ఆవిడ సొంత పాట. మాటల్లేవు, ఉత్త తీగల మీదే నడుస్తుంది. మొదట్లో పనిచేసిన ఊళ్ళో, చుట్టూ గోధుమ పొలాలు తప్ప మనిషి కనబడని చోట, తనకు తానే అల్లుకున్నారట. దాని పేరేమిటని అడిగాను. "పేరు పెడితే వాయించమని అడుగుతారు," అన్నారు. నాకు మాత్రం అడక్కుండానే నేర్పారు. వాచిన వేళ్ళతో ఒక్కో ముక్కా చూపించి, మిగతాది నోటితో కూనిరాగం తీసి, నా వేళ్ళను తన వేళ్ళతో జరిపి నేర్పారు.

అక్షరాలు కూడా నేర్పుతానని ఎన్నోసార్లు అన్నారు. "నేర్చుకుని ఎవరికి రాయాలి డాక్టరమ్మా? మీరు కంచె అవతలే ఉన్నారుగా," అనేదాన్ని. ఆవిడ నవ్వి ఊరుకునేవారు.

తర్వాత ఆవిడ కంచె అవతల లేకుండా పోయారు. ఒంటరిగా ఉండే ఓపిక తగ్గిందని, అడిలైడ్‌లో మాసన్ లేక్స్‌లో ఉండే కూతురు సుధ వచ్చి తీసుకెళ్ళింది. వెళ్ళే రోజు గిటారు పెట్టెను తానే మోయబోయి, మోయలేక, మా గుమ్మం దాకా ఈడ్చుకొచ్చారు. "ఇది నీ దగ్గర ఉండనీ. అడిలైడ్‌లో గాలి పొడి, చెక్క పగులుతుంది. కొంచెం కుదుటపడ్డాక వచ్చి తీసుకుంటాను," అన్నారు. కొన్నాళ్ళు ఫోన్లో వాయించి వినిపించేదాన్ని. ఫోను బల్ల మీద పెట్టి నేను వాయిస్తుంటే అవతల నుంచి "గడియ సరిగ్గా పడలేదు, దొంగలొస్తారు," అనేవారు. ఆ నవ్వు రానురాను సన్నబడింది. ఒకరోజు ఆవిడ నంబరు నుంచి సుధ మాట్లాడింది.

ఆ రోజు గిటారును పెట్టెలో పెట్టి, నాలుగు కలరా ఉండలు వేసి, బట్టల బీరువా పైకి ఎక్కించాను. వచ్చి తీసుకుంటానన్న మనిషి కోసం దాచిన వస్తువు అది. ఇక ఎవరూ రారని తెలిశాక దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. పక్కింట్లోకి వేరేవాళ్ళొచ్చారు. పెరట్లో పిల్లలు ఎక్కి గెంతే ట్రాంపొలీన్ వల కట్టారు. బట్టలు ఆరేయడానికి వెళ్తే మాత్రం ఇప్పటికీ ఒక చెవి అటే ఉంటుంది. నా వేళ్ళ గోళ్ళు పెరిగాయి, కొసలు మెత్తబడ్డాయి.

అక్షరాలు మాత్రం అప్పుడే మొదలుపెట్టాను. ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో పిల్లలకు తెలుగు నేర్పుతారు. నిత్యను దింపడానికి వెళ్ళి బయట కార్లో కూర్చోలేక, వెనక చిన్న కుర్చీలో ఒదిగి కూర్చున్నాను. పంతులమ్మ నాకూ ఒక కాగితం ఇచ్చింది. "అమ్మమ్మా, యూ హావ్ టు కలర్ ఇట్ టూ," అని నిత్య తన రంగుపెన్సిలు నా చేతిలో పెట్టింది. అట్లా ఆరేళ్ళ పిల్లలతో కలిసి అరటిపండుకి పసుపు రంగు వేస్తూ నేర్చుకున్నాను. ఎవరికి రాయాలన్నది మాత్రం మిగిలిపోయింది.

పోయిన వారం సుధ ఫోను చేసింది. "ఆంటీ, నెక్స్ట్ వీక్ మెల్‌బోర్న్‌లో మీటింగ్ ఉంది. సాటర్‌డే ఆర్వో, ఐ మీన్ మధ్యాహ్నం, మీ ఇంటికి రావచ్చా? ఒకటి అడగాలి. అమ్మ వాయించే ట్యూన్, మీకు వచ్చు కదా? నాకు స్టార్టింగ్ మాత్రమే తెలుసు. ఇల్లంతా వెతికాను, ఎక్కడా రికార్డ్ చేసి లేదు."

"రామ్మా," అన్నాను. ఫోను పెట్టేసి బీరువా పైకి చూశాను. ఆ పాట ఇక నా ఎడమచేతిలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ చెయ్యి దాన్ని ఉంచుకుందో పోగొట్టుకుందో నాకు తెలియదు.

గోళ్ళు కత్తిరించుకుని, పెట్టె దింపి తెరిచాను. తీగలు నల్లబడ్డాయి. తెగుతాయేమోనని ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే బిగించాను. పొయ్యి గుర్తుంది, దండెం గుర్తుంది, అక్కాచెల్లెళ్ళు కోపం లేకుండా పక్కపక్కన నిలబడ్డారు. మెత్తబడిన వేళ్ళు మొదటిరోజే మండిపోయాయి, ఆ మంట కూడా ఇష్టంగానే ఉంది. కాని పాట సగానికి వచ్చి, మెట్లు దిగాక, ఆ తర్వాత ఏమిటో చేతికి తెలియలేదు. పొయ్యి పెట్టి చూశాను, కాదు. అక్కాచెల్లెళ్ళు, కాదు. గడియేనేమోనని ఏడుపొచ్చేదాకా నొక్కాను, అదీ కాదు. ఆ వారమంతా అదే మెట్టు మీద నిలబడిపోయాను.

శనివారం సుధ వచ్చింది. తల్లి నుదురే, తల్లి కూర్చున్నట్టే కుర్చీ అంచున కూర్చుంది. నేను వాయించాను. మొదలు వినగానే ఆమె కళ్ళు మూసుకుంది. మెట్లు దిగాను, ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి వాయించాను, మళ్ళీ అక్కడే. మూడోసారి సుధ నా చెయ్యి పట్టుకుని, "పర్లేదు ఆంటీ, ఇట్స్ ఓకే. ఇంతవరకు విన్నాను కదా," అంది. ఆ మాటకి నాకు ఇంకా దుఃఖం వచ్చింది. ఆమె చూపు తిప్పుకుని, బల్ల మీద గుడ్డ పరిచి ఆరబోసిన కాలీఫ్లవర్ ముక్కల వైపు చూసింది. ఆమెకి ఆవకాయ పెట్టి పంపుదామని ముందురోజే కడిగి పెట్టాను.

"ఇది అమ్మ ఫ్రిజ్‌లో దాచుకునే పికిల్ కదా? మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు."

వారమంతా నేను ఒంటరిగా, నోరు మూసుకుని, వేళ్ళనే చూస్తూ వాయించానని అప్పుడు తట్టింది.

"ఎట్టా పెడతానో అడుగమ్మా నన్ను," అన్నాను.

"వాట్? ఇప్పుడా?"

"ఇప్పుడే. అడుగు. మధ్యలో ఆగితే ఊరుకోమాక, మళ్ళీ అడుగు."

"సరే... ఎలా పెడతారు, ఆంటీ?"

సుధ ముఖమే చూస్తూ మొదలుపెట్టాను. "పువ్వు తుంచుకోవాలి, మరీ చిన్నగా కాదు. ఉప్పునీళ్ళలో కడిగి గుడ్డ మీద ఆరబోయాలి."

"ఎంతసేపు?"

"తడి పోయేదాకా. ఒక్క చుక్క ఉన్నా బూజు పడుద్ది. తర్వాత ఆవపిండి, కారం, ఉప్పు. నూనె ఎక్కువ పోయాలి, పిసినారితనం చూపించకూడదు. కలిపి జాడీలో ఎత్తి మూత పెట్టాలి. ఇక మూడు రోజులు దాన్ని కదపకూడదు..."

నా ఎడమచెయ్యి తీగల మీద నుంచి లేచింది.

ఏ తీగనూ నొక్కలేదు. ఉత్త తీగలు వాటంతటవే మోగుతూ, సన్నబడుతూ ఉన్నాయి. అక్కడ పెట్టాల్సింది ఏమీ లేదు, చెయ్యి ఎత్తెయ్యాలి. అది మరిచిపోయి అన్ని రోజులూ అక్కడ ఏదో ఒకటి పెట్టాలని చూశాను. మోత ఆరిపోబోతుండగా వేళ్ళు దిగి దండెం పట్టుకున్నాయి. "నాలుగో రోజున నిమ్మరసం పిండి," అంటూ చివరిదాకా వెళ్ళిపోయాను.

సుధ నెమ్మదిగా, "అక్కడే ఆంటీ, అమ్మ ఆపేది. నా చిన్నప్పుడు ఆ గోధుమ పొలాల ఊళ్ళో అమ్మ ఒక్కతే డాక్టర్. ఫోన్ రింగవుతుందేమో అని చెయ్యి ఎత్తి వినేది. మోగితే వెళ్ళిపోయేది. మోగకపోతే నన్ను పడుకోమని లైట్ తీసేది. దాని తర్వాత కూడా ఉందని నాకు ఈరోజే తెలిసింది," అంది. మళ్ళీ వాయించమంది. ఈసారి ఫోనులో రికార్డు చేసుకుంది. ఎత్తిన చోట ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఏదీ మోగలేదు. దండెం పట్టుకున్నాను.

వెళ్ళేముందు గిటారు పెట్టె మూసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను. "మీ అమ్మ దాచమన్నారు, ఇన్నాళ్ళూ దాచాను. అడిలైడ్ గాలికి చెక్క పగులుతుందని ఇక్కడ పెట్టారు, జాగర్త," అన్నాను.

సుధ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "ఆంటీ, మా ఇంట్లో మా అమ్మాయి వయొలిన్ పదేళ్ళుగా ఉంది. దానికేం కాలేదు," అని పెట్టెను కాలితో నా వైపు జరిపింది.

ఈరోజు పొద్దున లేచి ముక్కలు ముట్టి చూశాను. ఎక్కడా తడి లేదు. పెద్ద పళ్ళెంలో ఆవపిండి, కారం, ఉప్పు వేసి నూనె పోశాను. వేళ్ళ కొసలు చిట్లి ఉన్నాయి కదా, కారం తగిలితే రెండు రోజులు తీగ ముట్టుకోనివ్వదు. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని కుడిచేత్తోనే కలిపాను. ఎడమచెయ్యి సాయంత్రానికి కావాలి.