అరవై వాక్యాల కాగితం

ఆ స్పోకెన్ ఇంగ్లీష్ సారు మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

తార్నాకలో ఓ టిఫిన్ సెంటర్ పై అంతస్తులో ఆయన క్లాసు. యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి వెళ్లేవాళ్లమే ఎక్కువ. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, పీజీకి క్యాంపస్‌కు వచ్చి, సెమినార్ అనగానే కడుపునొప్పి తెచ్చుకునేవాళ్లం. మొదటిరోజే ఆయన అందరి చేతుల్లో ఓ కాగితం పెట్టాడు. అరవై ఇంగ్లీషు వాక్యాలు, మధ్యమధ్య ఖాళీలు.

"గ్రామర్ గోల మనకొద్దమ్మా. ఖాళీలు నింపుకోండి, గట్టిగా అరవండి. అదే వచ్చేస్తుంది" అనేవాడు.

ఇరవై మందిమి ఎక్కాలు అప్పజెప్పినట్టు అరిచేవాళ్లం. కింద దోసెలు తినేవాళ్లు తలెత్తి చూసేవారు.

ఆ వాక్యాలు మా నోళ్లను జలగల్లా పట్టుకున్నాయి. మెస్‌లో సాంబారు కావాలంటే 'వుడ్ యు మైండ్ పాసింగ్', లైబ్రరీలో కుర్చీ కావాలంటే 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్'. ఓసారి మాణికేశ్వర్ నగర్ దగ్గర నా రూమ్మేట్ ఆటో అతనితో 'ఐ వుడ్ అప్రిషియేట్ ఇట్ ఇఫ్ యు' అని మొదలుపెడితే, "ఏందక్కా, మంచిగనే ఉన్నవా?" అన్నాడతను. నవ్వుకున్నాం. అప్పటికది నవ్వులాటే.

పీజీ అయిపోయింది. నెలలోగా హాస్టల్ ఖాళీ చేయాలి. ఉద్యోగం దొరక్కపోతే ఊరికి పోయి, అమ్మతో పాటు పరాయి చేలల్లో పత్తి ఏరడమే. విద్యానగర్‌లో ఓ ప్రైవేటు కాలేజీ లెక్చరర్ పోస్టుకు ఇంటర్వ్యూకి పిలిచింది. వెళ్లి చూస్తే నాకంటే ముందు మా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసువాళ్లే నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లందరివీ అయ్యాక నన్ను పిలిచారు.

లోపల ముగ్గురు. నా గురించి చెప్పమన్నారు. 'ఐ హెయిల్ ఫ్రమ్ ఎ ఫార్మర్స్ ఫ్యామిలీ. మై ఫాదర్ ఈజ్ మై ఇన్‌స్పిరేషన్' అన్నాను, ఎక్కడా తడబడకుండా. మధ్యలో కూర్చున్న పెద్దమనిషి పెన్ను బల్ల మీద పడేశాడు.

"మీ ఐదుగురికీ నాన్న ఒక్కడేనా ఏంటమ్మా?"

మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. వాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. మా అమ్మను అన్నట్టే కదా ఆ మాట! కానీ నా నోట్లోంచి వచ్చిందేమిటి? 'థాంక్యూ ఫర్ యువర్ వాల్యుబుల్ ఫీడ్‌బ్యాక్, సర్.' కాగితంలో అరవయ్యో వాక్యం.

ఉద్యోగం లేదని అక్కడే చెప్పేశారు. తిన్నగా తార్నాక వెళ్లి మెట్లెక్కాను.

"అందరికీ ఒకే నాన్ననిచ్చారేంటి సార్?"

"సెంటిమెంటు పనిచేస్తుందమ్మా. నచ్చకపోతే మార్చుకోవాలి కదా."

"ఫాదర్ దగ్గర ఖాళీ లేదు సార్."

"అక్కడ ఖాళీ ఎందుకు? నాన్న అందరికీ ఉంటాడుగా!"

కాగితం చింపి ఆయన బల్ల మీద పోసి దిగొచ్చాను. మా నాయిన నేను ఆరో తరగతిలో ఉండగా ఇల్లొదిలి పోయాడు. మళ్లీ మా ముఖం చూడలేదు. ఆ సంగతి నాకు తెలియదా? వందసార్లు అరిచాను ఆ వాక్యాన్ని, ఒక్కసారైనా నాలుక ఆగలేదు. అసలు కోపం అక్కడుంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"ఏమడిగిన్రు బిడ్డా?"

"మన ఇంటి సంగతి అడిగిన్రు."

"ఏం చెప్పినవ్?"

"నాయిన గురించి చెప్పిన."



"ఆయన గురించి చెప్పేటందుకు ఏమున్నదే?" అంది అమ్మ.