రాహేలమ్మ ముగింపు ప్రార్థన

పుంగనూరు చర్చికి రెండేళ్లుగా పాస్టరు లేడు. ఆ మొర వినిపించడానికే 1998లో, పాల కేంద్రం నడిపే రాహేలమ్మ ప్రతినిధిగా మదనపల్లెకు, అఖిల భారత క్రైస్తవ సంఘ మహాసభకు వెళ్లింది.

అక్కడ వాదన ముదిరినప్పుడల్లా అధ్యక్షులవారు "ప్రార్థన చేద్దాం" అనేవారు. అందరూ కళ్లు మూసుకోగానే తన తీర్మానాన్ని దేవుడికి విన్నవించేవారు. అలవాటుకొద్దీ సభ "ఆమెన్" అనేది. కార్యదర్శి ఏకగ్రీవమని రాసుకునేవాడు. పాస్టర్ల సంగతి మాత్రం ఉపసంఘానికి నెట్టేశారు.

ముగింపు ప్రార్థన ఆనవాయితీగా ఆడవాళ్లది. రాహేలమ్మను లేపారు.

"తండ్రీ, ఈ నెల్లోనే పుంగనూరుకు పాస్టర్ను పంపిస్తాండే ఈ పెద్దల్ని దీవించు."

"ఆమెన్!" అని హాలు మారుమోగింది.

రాహేలమ్మ కార్యదర్శి వైపు తిరిగింది. "ఏం సూస్తాండావప్పా? అందరూ ఆమెన్ అనిరి గదా, రాసుకో."

అధ్యక్షులవారు గబగబా "ప్రార్థన చేద్దాం" అన్నారు. ఈసారి ఒక్కరూ కళ్లు మూయలేదు.