అత్త ముక్కుపుడకా, నా మెటల్ డిటెక్టరూ

మా అత్త మళ్ళీ నాతో మాట్లాడుతోంది. ముందు ఆ శుభవార్త చెప్పేస్తే, బీచ్‌లో పన్నెండడుగుల కాలవ నేనెందుకు తవ్వానో తర్వాత నిదానంగా చెప్పొచ్చు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కుందలహళ్ళి ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే పని. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. డిసెంబర్లో మా క్లయింట్‌కి క్రిస్మస్ సెలవులు. వాళ్ళు లేకపోతే మాకూ పనుండదు కాబట్టి వారం రోజులు ఆఫీసు మూసేశారు. ఉడుపి దగ్గర బీచ్‌కి పోదామని అన్నది నేనే. మా ఆవిడ సుజాత మురిసిపోయింది, పాపం. నేను పోదామన్నది సముద్రం కోసం కాదు, ఇసక కోసం.

అంతకు రెండు నెలల ముందు ఇంటర్నెట్‌లో ఒక ఫొటో చూశాను. ఎక్కడో చలి దేశంలో, ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన బీచ్‌లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని, ఇసకలోంచి తీసిన పాత ఉంగరం చూపిస్తున్నాడు. అంతే, నాకు నిద్ర పట్టలేదు. మన బీచ్‌లలో ఎంత ఇసక ఉంది, ఎన్ని వందల ఏళ్ళుగా ఎంతమంది తిరిగారు, ఎన్ని జారవిడుచుకుని ఉంటారు! ఒక్కసారి కింద ఏముందో చూడాలనిపించింది. దొరికింది ఇంటికి తెచ్చుకోవాలని కూడా కాదు. చూస్తే చాలు.

రెడీమేడ్‌ది ఎక్కడ దొరుకుతుందో తెలీక, నేనే తయారుచేద్దామనుకున్నాను. ప్రతి శనివారం ఎస్.పి. రోడ్డుకి పోయి తీగా, సర్క్యూట్ సామానూ కొనడం, ఆదివారం మా మహదేవపుర ఇంట్లో హాలంతా పరిచి అతికించడం. ప్లాస్టిక్ ప్లేటు చుట్టూ రాగి తీగ చుట్టి, దాన్ని పీవీసీ పైపుకి బిగించి, పైన చిన్న స్పీకర్ పెట్టాను. ఆన్ చేసి కుక్కర్ మూత దగ్గరికి తీసుకుపోతే కుయ్యిమంది. స్టీలు గ్లాసుకి కుయ్యిమంది. గ్యాస్ సిలిండర్‌కయితే ఇల్లంతా మోగిపోయింది. నా జన్మ ధన్యమైంది.

ఇక మా అత్త. సుజాత వాళ్ళమ్మ. నాకు సొంత మేనత్త కూడా, అంటే మా నాన్న చెల్లెలు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ మెట్టిందీ అన్నీ చిక్కపేటలోనే. మామ దుకాణం వదిలి రానంటే, మోకాళ్ళ నొప్పులకి సముద్రపు గాలి మంచిదని ఆవిడొక్కతే మాతో వచ్చింది. ఆవిడ ముక్కుకి ఎర్రటి కెంపు ముక్కుపుడక ఉంటుంది. వాళ్ళమ్మ పోతూ పోతూ తన ముక్కున ఉన్నది తీసి కూతురికి పెట్టిందట. అప్పట్నుంచీ తీయలేదు.

దాని మర వదులైంది. "చిక్కపేట దిక్కు వస్తాండావు కదప్పా, ఆచారి దగ్గరికి ఒకసారి పిలుచుకోని పో" అని నెల రోజులుగా ఫోన్‌లో అడుగుతూనే ఉంది. నేను ప్రతి శనివారం చిక్కపేట దాకా పోయిన మాట నిజమే. అక్కణ్ణించి ఎస్.పి. రోడ్డు నాలుగు అడుగులు. కంసాలి ఆచారి దుకాణం ఇంకో వైపు.

రెండో రోజు పొద్దున, బీచ్‌లో చాప మీద కూర్చున్న అత్త కొంగుతో మొహం తుడుచుకుని, ఆగిపోయింది. చెయ్యి ముక్కు మీద పెట్టుకుంది. సుజాత చాప దులిపింది, కొంగు దులిపింది, తలలో కూడా వెతికింది. లేదు.

"మీ మామ ముందర ఈ బోడి ముక్కుతో ఎట్ల నిలబడేది?" అని అత్త కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మాయమ్మది అదొక్కటే ఉండాది నా దగ్గర."

తప్పు నాదే. ఆ మర బిగించి ఉంటే ఇది జరిగేదే కాదు. సిగ్గుతో చెప్తున్నాను, ఆ బాధ వెనకాలే ఇంకొకటి కూడా వచ్చింది. సంతోషం. "అత్తా, నువ్వు కదలొద్దు" అని లాడ్జికి పరిగెత్తి మిషన్ తెచ్చాను.

మొదటి అరగంటలో సోడా మూతలు నాలుగు, తుప్పు పట్టిన మేకు ఒకటి, ఎవరిదో తాళంచెవి దొరికాయి. ఒక్కొక్కటీ తీసి ఎవరిదై ఉంటుందా అని తిప్పి తిప్పి చూస్తుంటే, "బావా, పుడక" అని సుజాత గుర్తుచేసింది. అప్పుడు మోగింది చూడండి, గట్టిగా, ఆగకుండా. చాపకి ముందు, అత్త కూర్చున్న చోటికి ఇవతలగా.

లాడ్జి బాత్రూంలోని ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని తవ్వాను. మోచెయ్యి లోతు తవ్వి మిషన్ పెడితే, శబ్దం ఇంకొంచెం ముందుకి పోయింది. ముందుకి తవ్వాను. నాకు అడ్డమని అత్త చాపతో సహా వెనక్కి జరిగింది. మళ్ళీ పెట్టాను. శబ్దం ఇంకా ముందుకి పోయింది. ఇది పుడక కాదు, పెద్దదేదో ఉంది, పొడుగ్గా ఉంది అనిపించింది. పాత ఓడ గొలుసేమో! నేను ముందుకి, అత్త వెనక్కి. తవ్విన ఇసకంతా వెనక పోసుకుంటూ పోయాను.

వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. అందులో ఒకాయన చాలా మర్యాదగా కన్నడంలో, "ఏన్ సార్, పైప్‌లైనా?" అన్నాడు.

పన్నెండడుగులయ్యాక అత్త టీ తాగడానికి లేచింది. మిషన్ టక్కున ఆగిపోయింది. బ్యాటరీ మార్చాను. పలకలేదు. అత్త టీ తాగి వచ్చి కూర్చుంది. కుయ్యిమంది.

సుజాత తల్లి వంక చూసింది. మోకాళ్ళ నొప్పికి వేడి ఇసక మంచిదని అత్త పొద్దున్నుంచీ పాదాలు రెండూ ఇసకలో పూడ్చుకుని కూర్చుంటోంది.

"అమ్మా, కాళ్ళు పైకెత్తు."

శబ్దం లేదు.

"దించు."

కుయ్యిమంది.

కాలికి రెండేసి చొప్పున నాలుగు లావాటి వెండి మెట్టెలు. పెళ్ళినాడు మామ తొడిగినవి. నేను రెండు గంటలుగా మా అత్త కాలివేళ్ళని తరుముతున్నానన్నమాట. పైప్‌లైనా అని అడిగినాయన, విషయం అర్థమై వెళ్ళి తన వాళ్ళకి కూడా చెప్పాడు.

"సరే, పుడక యాడ పడిండొచ్చు?" అంది అత్త. కళ్ళు తుడుచుకుంది.

ముగ్గురం వెనక్కి తిరిగి చూశాం. పొద్దున అత్త మొదట కూర్చున్న చోట ఇప్పుడు నడుమెత్తు ఇసక దిబ్బ ఉంది. పోసింది నేనే.

అత్త ఇంక నాతో ఒక్క మాట మాట్లాడలేదు. లేచి లాడ్జి వంటింటికి పోయి, అక్కడి వంటామెతో కన్నడంలో ఏదో చెప్పి రవ్వ జల్లెడ తెచ్చింది. దిబ్బ పక్కన కూర్చుని జల్లించడం మొదలుపెట్టింది. నేను మగ్గుతో ఎత్తి పోయడం, ఆవిడ జల్లించడం, మిగిలిన గవ్వల్ని వేలితో కెలికి పారబోయడం. సుజాత నీళ్ళు తెచ్చిచ్చింది. ఎండ దిగింది. ఎంతకని పోస్తాను, నా చేతులు పడిపోయాయి గానీ ఆవిడ చేతులు ఆగలేదు. దొరక్కపోతే ఈవిడ మొహం ఇక ఎట్లా చూడాలా అని భయమేసింది.

దిబ్బంతా అయిపోయి, చాప పరిచిన చోటుకి వచ్చాక, గవ్వల మధ్య ఎర్రగా మెరిసింది.

అత్త దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. మర కూడా పక్కనే దొరికింది. మంచినీళ్ళతో కడిగి, ముక్కుకి పెట్టుకుని, మరకి దారం చుట్టి బిగించమంది సుజాతని. అప్పుడు నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి. వచ్చే శనివారం ఆచారి దగ్గరికి నేనే పిలుచుకుపోతానని మాటిచ్చాను.

ఇక్కడితో ఆగి ఉంటే పరువు కొంచెమైనా మిగిలేది. సుజాతకి అనుమానం వచ్చింది. "బావా, ఇంత చిన్నదాన్ని ఈ మిషన్ అసలు పట్టగలదా? టెస్ట్ చేసినావా?"

గ్లాసు, కుక్కర్, సిలిండర్. నేను చేసిన టెస్టింగ్ అంతే.

అత్త మిషన్ తన చేతిలోకి తీసుకుంది. ప్లేటుని పుడక దాకా ఎత్తి, ముక్కుకి ఆనించింది. చడీ చప్పుడూ లేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. లేదు. పొద్దున్నుంచీ నేను పుడక మీదే నిలబడి వెతికినా అది పలికి ఉండేది కాదు.

తర్వాత ఆవిడ ఆ ప్లేటుని మెల్లగా నా తల మీదికి తెచ్చింది. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒకసారి తిప్పి, స్పీకర్ దగ్గర చెవి పెట్టి శ్రద్ధగా విని, ఆ దిబ్బ చూసిన తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఈడ గూడా ఏమీ లేదప్పా."