సోమ్లి పుట్టిన సోమవారం

1975 జూన్‌లో నన్ను నర్సింహులపేట దగ్గరి ఒక తండా బడికి బదిలీ చేశారు. అది ఏకోపాధ్యాయ పాఠశాల. అంటే ఐదు తరగతులకూ ఒక్కడే పంతులు. ప్రధానోపాధ్యాయుడూ వాడే, గుమాస్తా వాడే, గంట కొట్టేదీ వాడే. నాది జనగామ. ఇరవై ఆరేళ్ల వయసు, చేతిరాత బాగుంటుందన్న పేరు, దానికి తగ్గ పొగరు నాకుండేవి.

నాకొక నోటుబుక్కు ఉండేది. ఒక్కో ఏడాదికి రెండు పేజీలు. ఎడమ పక్క ఆ ఏడాది ప్రపంచ విశేషాలు, కుడి పక్క ఆ ఏడాది పుట్టిన గొప్పవాళ్లు. 1969లో ఉద్యమం వల్ల మా ట్రైనింగు తరగతులు నెలల తరబడి మూతపడినప్పుడు, చేసే పని లేక మొదలుపెట్టాను. ఆ ఏడాది ఎడమ పేజీ కిక్కిరిసి ఉండేది. తెలంగాణ ఉద్యమం, జంబో జెట్ తొలిసారి ఎగరడం, పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ, చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడం, జాతిపిత శతజయంతి. అన్నిటికీ తేదీ, వారం వేసి రాసుకున్నాను. కుడి పేజీ మాత్రం ఖాళీ. అప్పుడే పుట్టిన పసిగుడ్లలో గొప్పవాళ్లు ఎవరవుతారో ఎవరికి తెలుసు? ఆ ఖాళీ చూసినప్పుడల్లా నాకు చిరాకుగా ఉండేది.

ఇక పుట్టిన తేదీల సంగతి. ఆ రోజుల్లో పల్లెల్లో జనన ధ్రువపత్రాలు ఉండేవి కావు. బడిలో చేర్చుకునేటప్పుడు ప్రవేశ రిజిస్టర్లో పంతులు ఏ తేదీ రాస్తే అదే పుట్టిన తేదీ. ఐదేళ్లు నిండాయనిపిస్తే, చాలామంది పంతుళ్లు కళ్లు మూసుకుని జూన్ ఒకటి వేసేవాళ్లు. తండాకు రాకముందు పనిచేసిన బడిలో నేనూ మొదట్లో అదే చేశాను. తనిఖీకి వచ్చిన డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారు నా రిజిస్టరు తిప్పి, "ఏమయ్యా, ఊరి పిల్లలందరూ జూన్ ఒకటో తారీఖే పుట్టిన్రా? ఒక్క మంత్రసాని ఒక్కనాడే ఇంతమందికి పురుడు పోసిందా?" అని అందరి ముందూ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటినుంచి పిల్లలకు గొప్ప తేదీలు వేయడం మొదలుపెట్టాను. ఒకడికి బాలల దినోత్సవం, ఒకడికి ఉపాధ్యాయ దినోత్సవం, ఒక అమ్మాయికి గణతంత్ర దినోత్సవం. అది పిల్లలకు నేనిచ్చే కానుక అనుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ కానుక నాకు నేనిచ్చుకున్నదే.

తండాలో చేరిన వారానికే ధర్మి అనే లంబాడీ తల్లి తన కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల పేరు సోమ్లి. ఏ సంవత్సరం పుట్టిందని అడిగాను. అందరూ చెప్పినట్టే ఏదో చెబుతుందనుకుని అప్పటికే కలం సిరాలో ముంచాను. ఆమె మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"సారూ, బస్సులు బందైన ఏడు. నొప్పులొస్తే మానుకోట దవాఖానకు బండి కట్టిన్రు. దవాఖాన చేరకముందే తొవ్వల బండి మీదనే పుట్టింది. సోమారం. గందుకే సోమ్లి అని పేరు వెట్టినం. చందమామ మీద మనుషులు దిగిన్రని పటేలు రేడియోల జెప్పిన్రు సూడు, అదీ సోమారమే. గప్పటికి నా బిడ్డకు సరిగ్గ అయిదు వారాలు."

మానుకోట అంటే మహబూబాబాదే, బస్సులు బందైన ఏడంటే ఉద్యమం జరిగిన 1969. లంబాడీల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే అలవాటు ఉందని నాకు తెలుసు. సోమవారం పుడితే సోమ్లా, సోమ్లి. మంగళవారమైతే మంగ్యా, మంగ్లి. ఆ తల్లి ఏడాది చెప్పింది, వారం చెప్పింది, ప్రపంచమంతా ఎరిగిన రోజు నుంచి వెనక్కి లెక్క కూడా చెప్పింది. నా నోటుబుక్కు తీసి ఐదు వారాలు వెనక్కి లెక్కపెడితే తేదీ తేలేది. రెండు నిమిషాల పని.

నేనా పని చేయలేదు. 1969 అనగానే నా కళ్ల ముందు మెదిలింది శతజయంతి. అక్టోబర్ రెండు, 1969 అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. రాసింది చదివి వినిపిస్తే ధర్మి ఒప్పుకోలేదు.

"గట్లెట్ల సారూ? అది పండుగలు దగ్గరికొచ్చిన నెల గద. నా బిడ్డ వానలు వడే ముంగట పుట్టింది."

"నీకు తెల్వదమ్మా. గిది దేశమంత సెలవు తీసుకునే తారీఖు. నీ బిడ్డకు మంచిదే" అన్నాను.

చదువుకున్నవాడు చెప్పాక ఆమె ఏమంటుంది? వేలిముద్ర వేసి వెళ్లిపోయింది.

సోమ్లి చురుకైన పిల్ల. ఐదో తరగతి నా దగ్గరే పూర్తి చేసి, హాస్టల్లో ఉండి హైస్కూలు చదివింది. 1985లో ఆ తండా నుంచి పది పాసైన మొదటి ఆడపిల్ల తనే. పది పరీక్షకు ముందు హైస్కూల్లో నామినల్ రోల్ అనే జాబితా తయారవుతుంది. పేరు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ మీద అచ్చయ్యేది దాని నుంచే. ఆ జాబితాలోని తేదీ టీసీ నుంచి వస్తుంది, టీసీలోది నా రిజిస్టర్ నుంచి. ఒక కాగితం మీది తప్పు ఇంకో కాగితం మీదికి ఎక్కుతూ పోయింది. ఎక్కిన కొద్దీ అది నిజమైపోయింది.

1987 వానాకాలంలో నేను రఘునాథపల్లి మండలంలో పనిచేస్తున్నాను. ఒకరోజు తరగతి జరుగుతుండగా తల్లీకూతుళ్లు వరండాలో నిలబడ్డారు. సోమ్లి చేతిలో ఒక కవరు ఉంది. పల్లెల్లో కాన్పులు చేసే నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంటే మార్కుల్లో మొదటి పేరు తనదే వచ్చింది. శిక్షణ పూర్తయితే సొంత తండా పక్కనున్న ఆరోగ్య ఉపకేంద్రంలోనే పోస్టు. సర్టిఫికెట్లు చూసేటప్పుడు పక్కన పెట్టారు. జూలై ఒకటి నాటికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలని నిబంధన.

"మూడు నెలలు తక్కువైనయట సారూ. మా అవ్వ నన్ను బండి మీద కన్నది. ఇంకెవ్వలు గట్ల కనొద్దని నేను గీ పనికి పోదామనుకున్న. మీరొక్క కాయితం రాసిస్తే అయితదేమో" అంది సోమ్లి.

ధర్మి నా మొహంలోకి చూసి, "నేను ఆనాడే జెప్పిన గద సారూ" అంది. కోపంగా కూడా అనలేదు. కోప్పడినా బాగుండేది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి నోటుబుక్కు తీశాను. 1969 జూలై 21, సోమవారం, చంద్రుడి మీద మనిషి అని నా చేత్తో నేనే రాసుకున్నాను. అక్కడి నుంచి ఐదు వారాలు వెనక్కి పోతే జూన్ 16. అదీ సోమవారమే. అక్టోబర్ రెండు గురువారం. గురువారం పుట్టిన పిల్లకు సోమ్లి అని ఏ లంబాడీ తల్లీ పేరు పెట్టదు. పంతుల్ని నేనే, లెక్క తప్పిందీ నేనే.

మర్నాడు సెలవు పెట్టి తండా బడికి వెళ్లి రిజిస్టరు తెరిచాను. ఒక్క గీతతో కొట్టేసి జూన్ 16 అని రాస్తే పోతుందని మనసు లాగింది. కానీ రిజిస్టర్లో దిద్దడం నేరం, దిద్దుబాటు కనిపిస్తే సోమ్లి సర్టిఫికెటే చెల్లకుండా పోతుంది. మూసేశాను. తప్పు నాదేనని, తల్లి చెప్పిన లెక్క ఇదని, కారణాలతో సహా పై అధికారులకు మూడు పేజీల ఉత్తరం రాశాను. నలభై రోజులకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. పది సర్టిఫికెట్ జారీ అయ్యాక పుట్టిన తేదీ మార్చడం కుదరదు, ప్రవేశ రిజిస్టర్లోని నమోదే ఏకైక ఆధారం. నిబంధన ప్రకారం వాళ్లన్నది సరైనదే. నా ముత్యాల్లాంటి అక్షరాల ముందు నా మాటే చెల్లలేదు.

అప్పటికే ఆ సీటు జాబితాలో తర్వాతి అమ్మాయికి పోయింది. మరుసటి ఏడాది ప్రకటన రాలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడు ఇంటర్మీడియట్ ఉండాలన్నారు. సోమ్లికి పెళ్లయిందని, భర్తతో పనికి వలస వెళ్లిందని విన్నాను.

1989 చివర్లో ఎన్నికల డ్యూటీ మీద భూపాలపల్లి వెళ్లాను. బొగ్గు గనుల కోసం ఇళ్లు కడుతున్న రోజులవి. పోలింగ్ కేంద్రం పక్కనే ఇటుకలు మోస్తున్న ఆడవాళ్లలో ఒకామె తట్ట దించి, "సారూ, బాగున్నరా?" అంది. సోమ్లి. పక్కన చీర ఊయలలో మూడు నెలల పాప. తప్పయిందమ్మా అన్నాను. ఆమె ఊయల దగ్గరున్న సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నాకిచ్చింది. పాప పుట్టిన తారీఖు, వారం, టైము. కింద సోమ్లి సంతకం. అక్షరాలు నేను నేర్పినవే.

"రేపు బడిల ఏసేటప్పుడు గిదే రాయాలె సారూ. పంతులు ఎవ్వలైనా సరే, గిది జూసే రాయాలె. మంచిదని ఇంకొకటి రాస్తనంటే నేను ఊకోను."

కాగితం మడిచి ఆమెకే ఇచ్చేశాను. అందులో నేను చేయాల్సిన పనేమీ లేదు.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. పుట్టిన తేదీ రాసేటప్పుడు పక్కన, అది ఎవరు చెప్పారో వాళ్ల పేరు చిన్న అక్షరాలతో రాసేవాణ్ణి. అలా రాయాలని ఏ నిబంధనా లేదు. నిబంధన అడిగేది తేదీ ఒక్కటే. ఆ తేదీ పంతులుది కాదని, కన్నతల్లిదని తెలుసుకోవడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. దానికి నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు, సోమ్లి పోగొట్టుకుంది.

నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. 1969 కుడి పేజీలో ఒకటే పేరు ఉంది. సోమ్లి, జూన్ 16, సోమవారం. చెప్పింది ధర్మి.