ఏడు గాజుల చక్రం

ఖానాపూర్ బజారులో పర్శరాములు దర్జీ దగ్గర జెండా కుట్టించుకున్నవాళ్లు జెండాతో పాటు ఒక ఉపన్యాసం కూడా మోసుకుని పోవాల్సిందే. లాగు కుట్టించుకుంటే లాగు ఇచ్చి పంపేవాడు. జెండా అయితే మాత్రం అంత తేలిగ్గా వదిలేవాడు కాదు. అందులో ప్రతి గీతకూ ప్రతి మూలకూ ఒక మర్మం ఉందనీ, అది తెలియకుండా జెండా ఎత్తినవాడు ఉత్త బట్ట ఎత్తినట్టేననీ అతని నమ్మకం. ఈ మర్మాలన్నీ నీకెవరు చెప్పారని అడిగితే మెడలో టేపు సర్దుకుని, కుట్టేవాడికి సూదే చెబుతుందనేవాడు.

దర్గా ఉర్సుకు పచ్చ జెండా కుట్టేవాడు. దాని మీది నక్షత్రానికి ఐదు మూలలు ఎందుకయ్యా అంటే, మనిషి తల ఎత్తి, కాళ్లూ చేతులూ చాపి నిలబడితే అయ్యేవి ఐదు మూలలే కాబట్టి. మల్లన్న జాతర జెండా మీద ఆరు మూలల చుక్క. పైకి చూసే ముక్కోణం నిప్పు, కిందికి చూసేది నీళ్లు. రెండూ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే సంసారం. ఇందులో నిప్పు ఎవరో మా ఇంట్లో అడగండి అని కన్ను గీటేవాడు. లోపల కాజాలు కుడుతూ కూర్చున్న అతని భార్య శంకరవ్వ వినీ విననట్టు దారం కొరికేది.

మా ఇల్లు ఆ దుకాణానికి ఎదురుగానే. అతని మాటల్లో సగమే నమ్మేదాన్ని గానీ, వినడం మాత్రం మొత్తం వినేదాన్ని. అంత రుచిగా చెప్పే మనిషి మా బజారులో ఇంకొకరు లేరు.

నిజాం కాలంలో సర్కారు పండుగలకు పసుపు జెండాలు కుట్టింది కూడా ఇతనే. మధ్యలో ఉండే గుండ్రం రొట్టె అనీ, ఎప్పుడో ఒక ఫకీరు నవాబుల పూర్వీకుడికి ఏడు రొట్టెలు పెట్టాడనీ చెప్పేవాడు. ఆ జెండాలు కుట్టించింది చొక్కారావు దొర. పోలీస్ యాక్షన్ అయిన తెల్లవారే దొర తెల్లటోపీ పెట్టుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. అందరూ దర్జీ మీద పడ్డారు. 'పసుపు జెండా దర్జీ' అని పేరు పెట్టి, రొట్టె బాగుందా అని నవ్వేవాళ్లు. దొర టోపీ మార్చుకున్నాడు, దర్జీకి మార్చుకోవడానికి టోపీ లేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే యాభైలో జనవరి ఇరవై ఆరు పండుగ వస్తోందని తెలియగానే పర్శరాములు దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బడి ముందు ఎగరేసే కొత్త జెండా తనకే ఇవ్వాలన్నాడు. అది కుట్టకపోతే ఆ పాత పేరు తనను కాటిదాకా వదలదని అతనికి తెలుసు. దొర మూడు రంగుల ఖద్దరూ, పేపర్లో వచ్చిన బొమ్మా ఇచ్చి, చక్రానికి ఇరవై నాలుగు పుల్లలు ఉండాలని చెప్పాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. దర్జీ గుండ్రాన్ని పంచేది మడత పెట్టి. సగానికి మడిస్తే రెండు, మళ్లీ మడిస్తే నాలుగు, ఆ తర్వాత ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ఎన్నిసార్లు మడిచినా ఇరవై నాలుగు రాదు. పదహారుకు ఆగితే తక్కువ చేసినట్టు ఉంటుందని అతను ముప్పై రెండుకు పోయాడు. పైన ఎగిరేదాన్ని ఎవరు లెక్కబెడతారులే అనుకున్నాడు.

బడి పంతులు లెక్కబెట్టాడు. జెండా దొర ఇంట్లో విప్పి చూపించిన రోజే, పండుగకు ఇంకా రెండు రోజులుండగా. మనిషికి పళ్లు ముప్పై రెండు కదా, దేశానికి పళ్లు గట్టిగా ఉండొద్దా అని పర్శరాములు మర్మం విప్పబోయాడు. దొర నవ్వలేదు.

"ఇరవై నాలుగంటె ఇరవై నాలుగే. రేపు పొద్దూకేటాల్లకు తేకుంటె నిర్మల్ నుంచి తెప్పిస్త. గప్పుడు నువ్వు పాత సర్కారు దర్జీవే అయితవ్."

ఆ పూట అతను అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే కుట్లన్నీ ఊడదీసి, కాగితం మీద గుండ్రం గీసి, టేపుతో చుట్టూ కొలిచి ఇరవై నాలుగు గుర్తులు పెట్టాడు. టేపు వంపులో జారుతుంది కదా. తిరిగి తిరిగి మొదటికి వచ్చేసరికి చివరి రెండు గుర్తుల మధ్య వేలెడు సందు ఎక్కువ మిగిలింది. మళ్లీ కొలిస్తే రెండు వేళ్లయింది. మూడోసారీ సందు పోలేదు. ఆ సందు చక్రానికి వాకిలి అనీ, జనం లోపలికి పోవడానికి పెట్టారనీ గొణుక్కోవడం మా ఇంటికి వినిపించింది. నవ్వొచ్చింది, వెంటనే పాపమనిపించింది.

శంకరవ్వ కాజా పక్కన పెట్టి లేచింది. ఆమెకు చేతికి ఆరు చొప్పున పన్నెండు పచ్చ గాజులు. ఎడమ చేతివి ఆరూ తీసి, బోసి చెయ్యి ఉండకూడదని పసుపుతాడు కట్టుకుంది. కుడి చేతి నుంచి ఇంకొకటి తీసింది. ఒక గాజు గుండ్రం మధ్యలో పెట్టి, చుట్టూ ఆరు గాజులు ఆనించింది. ఆరూ సరిగ్గా పట్టాయి. గోరు దూరే సందు కూడా మిగల్లేదు.

"నడిమి దాంట్లకెల్లి ఒక్కొక్క గాజు నడుమకు గీత గియ్యి. ఆరైతయి. గాజూ గాజూ ఆనినకాడికి గియ్యి. ఇంకో ఆరు. రెండు గీతల నడుమ మడత పెట్టుడు నీకు ఎట్లాగు వస్తది గద."

పర్శరాములు గీశాడు. ఆరు, పన్నెండు. మడత పెట్టాడు. ఇరవై నాలుగు. వేలితో ముట్టుకుంటూ రెండుసార్లు లెక్కబెట్టాడు. ఇది నీకెవరు చెప్పారని అడిగితే, ఆమె వాకిట్లోకి చెయ్యి చూపించింది. ప్రతి శుక్రవారం గాజులు ఆనించి వేసే ఆరు రేకుల ముగ్గు అక్కడే ఉంది. పద్దెనిమిదేళ్లుగా అతను దాన్ని తొక్కుకుంటూనే దుకాణంలోకి వెళ్తున్నాడు. ఊళ్లో ప్రతి జెండాకూ మర్మం చెప్పిన మనిషి, సొంత వాకిట్లో ఉన్నదేమిటని ఒక్కనాడూ అడగలేదు.

సుద్దతో గుర్తులు బట్ట మీదికి దించే తొందరలో అతని మోచేయి తగిలి మూడు గాజులు చిట్లాయి. శంకరవ్వ ముక్కలు ఏరి, జత తప్పిన మిగతావి గూట్లో పెట్టింది. పొద్దు వాలకముందే జెండా దొర ఇంటికి చేరింది.

తెల్లారి బడి ముందు ఊరంతా చేరింది. జెండా విచ్చుకుంది. పంతులు తలెత్తి పెదవులు కదిలిస్తూ లెక్కబెట్టి, సరిపోయిందన్నట్టు తలూపాడు. దొరకు ఉషారొచ్చి, ఇరవై నాలుగుకు మర్మమేమిటో చెప్పమని అందరి ముందూ అడిగాడు. జనం నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. పర్శరాములు దగ్గర జవాబు లేకపోలేదు. రోజుకు ఇరవై నాలుగు గంటలు, గాయత్రికి ఇరవై నాలుగు అక్షరాలు, అన్నీ రాత్రే కూర్చుకున్నాడు. టేపు సర్దుకున్నాడు. ఆడవాళ్ల వరసలో పసుపుతాడు చేతిని కొంగు కింద దాచుకుని నిలబడ్డ శంకరవ్వ కనబడింది. టేపు వదిలేశాడు.

"మర్మం నాకు తెల్వది దొరా. గా చక్రం గీసింది మా శంకరవ్వ. నేను కుట్టిన, గంతే."

ఎవరూ నవ్వలేదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కనున్న శంకరవ్వ మాత్రం ఈ మనిషికి నలుగురిలో ఏం మాట్లాడాలో తెలియదని నాతో విసుక్కుంది. కానీ కొంగు కింది చెయ్యి బయటికి వచ్చింది.

ఆనాటి నుంచి పసుపు జెండా మాట ఎత్తినవాళ్లు లేరు. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఎలక్షన్లు వచ్చాయి, రకరకాల పార్టీల జెండాలు వచ్చాయి. అన్నిటికీ పర్శరాములు మర్మాలు చెప్పాడు. ఎదురెదురు పార్టీలవాళ్లు ఇద్దరూ సంతోషంగా వెళ్లేవాళ్లు. చక్రం సంగతి అడిగితే మాత్రం మా ఇంటామెను అడగండి అనేవాడు.

అరవై ఏడులో, చూపు మందగించి కర్ర పట్టాక, ఒక శుక్రవారం పొద్దున అతను, ఆ జెండా నాటి నుంచి చేస్తున్నట్టే, వాకిట్లో ఆగి, కర్రతో తడుముకుంటూ ముగ్గు చుట్టూ తిరిగి దుకాణం మెట్టెక్కడం చూశాను. పడిపోతాడని శంకరవ్వకు భయం.

"తొక్కితె ఏమైతది? వచ్చే శుక్కురారం మల్ల ఏస్త గద."

"పద్దెనిమిదేండ్లు తొక్కిన. సాలు," అన్నాడు పర్శరాములు, మిషన్ ముందు కూర్చుంటూ.