కేబుల్ గది ఏ ఊళ్ళో

మా మున్సిపాలిటీ, వాగు అవతలి మున్సిపాలిటీ కలిసి ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్ వేయాలని తీర్మానించాయి. విడివిడిగా వేసుకునే స్తోమత ఎవరికీ లేదు. పేచీ ఒక్క గది దగ్గర వచ్చింది. రెండు ఊళ్ళ కేబుళ్ళూ కలిసే గది అది. అది ఎక్కడ కడితే ఉద్యోగాలు అక్కడ. తేల్చుకు రమ్మని కౌన్సిలర్లమైన మా ఇద్దరిని హైదరాబాద్ పంపారు: మా వైపు నుంచి నేను, అవతలి నుంచి యాదగిరి. "గది మనకు రాకుంటే ఒప్పుకోకు" అని మా చైర్మన్ బస్టాండు దాకా వచ్చి చెప్పాడు.

తెల్లవారి బస్సెక్కితే జేబీఎస్‌లో దిగేసరికి పది దాటింది. మీరెవరైనా వెళ్తే ఆటోల జోలికి పోకండి. పక్కనే పరేడ్ గ్రౌండ్స్‌లో మెట్రో ఎక్కితే నేరుగా అమీర్‌పేట. కూర్చోవడానికి మాత్రం ఆశపడొద్దు.

"అమీర్‌పేటకేనా? అమ్మాయిని కోచింగ్‌లో చేర్పించడానికా అండీ?" అని మెట్రోలో పక్కన నిలబడ్డ కోస్తా ఆవిడ అడిగింది.

"కాదండీ, మా ఊరికి ఇంటర్నెట్ కోసం" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

లక్డీకాపూల్‌లో, ఫైబర్ మంజూరు చేసే ఆఫీసులో, మాకిచ్చిన సమయం మధ్యాహ్నం మూడు గంటలకు. ఈలోగా అమీర్‌పేట హాస్టల్లో ఉన్న తన అన్న కూతురు స్వప్నకు కారప్పూస డబ్బా ఇవ్వాలన్నాడు యాదగిరి. మగవాళ్ళను పైకి రానివ్వరు. డబ్బా పట్టుకుని నేనే ఎక్కాను.

స్వప్న మెట్ల మీద, ఒళ్ళో ల్యాప్‌టాప్‌తో కూర్చుని ఉంది. గదిలో నలుగురు, రాత్రి డ్యూటీ చేసినామె నిద్రపోతోందట.

"కంపెనీవాళ్ళు ఇంటికాన్నుంచే పని చేసుకోమన్నరు ఆంటీ. నెల రోజులు చేసిన. మాట్లాడుతుంటెనే నెట్ పోయేది. ఇగ బాబును మా ఆయన దగ్గర ఉంచి మళ్ళ వచ్చిన. వాడికి రెండేండ్లు. లైను ఎప్పుడొస్తదో మా యాదగిరి కాక ఏమన్న చెప్పిండా?"

"దాని కోసమే వచ్చినం" అన్నాను.

తర్వాతి స్టేషన్ పంజాగుట్టలో దిగి భోజనం చేశాం. అడిగితే కూర మళ్ళీ వేస్తారు. పచ్చిపులుసు బాగుంది.

"మా స్వప్న మంచిగున్నదా?" అన్నాడు యాదగిరి.

"మంచిగనే ఉన్నది."

"గది మాత్రం మాకే కావాలక్కా. దాంట్ల మార్పు లేదు."

"మాదీ గదే మాట తమ్మీ" అన్నాను.

లక్డీకాపూల్‌లో ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. "ఇవాళ ఒక మాటకు రాకపోతే ఫైలు వాపస్ పోతదమ్మా. మళ్ళ ఎప్పుడొస్తదో నేను చెప్పలేను."

యాదగిరి కిటికీ వైపు చూస్తున్నాడు. చైర్మన్ మాట గుర్తొచ్చింది. ఆ మెట్లూ గుర్తొచ్చాయి.

"గది వాళ్ళ ఊళ్ళోనే కట్టండి. ఉద్యోగాలు మాత్రం చెరి సగం" అన్నాను.

యాదగిరి చప్పున నా వైపు తిరిగాడు. తర్వాత ఆఫీసరుతో, "అట్లనే రాసుకోండి సార్" అన్నాడు.

తిరుగు బస్సులో సీట్లు దొరికాయి. శామీర్‌పేట దాటాక అడిగాడు: "పొద్దటిసంది పట్టు మీదున్నవు గదక్కా, ఎందుకు ఇడిసినవ్?"

"మీ పిల్ల మెట్ల మీద కూసోని పని చేస్తుంది తమ్మీ."

అతను తల వంచుకుని జేబులోంచి ఫోన్ తీశాడు.

చైర్మన్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "కౌన్సిల్‌ల నువ్వే చెప్పుకో" అని పెట్టేశాడు. మాటలు పడక తప్పదు. ఎన్నోసార్లు హైదరాబాద్ వచ్చాను గానీ, తెమ్మన్నది తేకుండా ఇంత నిమ్మళంగా తిరిగి పోవడం ఇదే మొదటిసారి. పక్క సీట్లో యాదగిరి ఫోన్‌లో, "లైను ఇంటిదాక వస్తది స్వప్నా బిడ్డా, జర ఓపిక పట్టు" అంటున్నాడు.