కోయని మేక

"ముందు బంపరు సూసుకున్నాడు."

సోములమ్మ తన కథ ఎవరికి చెప్పినా అక్కడే మొదలుపెడుతుంది. కాలు రెండుచోట్ల విరిగిందని గాని, నాలుగు నెలలు మంచం మీద ఉన్నానని గాని ముందు చెప్పదు. "నాను రోడ్డు మీద పడున్నాను మేడమ్. సావుకారి జీపు దిగి ముందు బంపరు సూసుకున్నాడు. తువ్వాలు తీసి తుడుసుకున్నాడు. అప్పుడు నన్ను సూసినాడు. సూసి, కళ్ళు లేవా నీకు అన్నాడు."

కొర్రా సోములమ్మది పెదబయలు మండలంలో ఇరవై ఏడు గడపల ఊరు. ఆ పక్కనే ఉన్న ఆశ్రమ పాఠశాలలో పంతొమ్మిదేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఏ ఇంట్లో ఏ పూట ఏం ఉడుకుతుందో కూడా నాకు తెలుసు. ఎకరన్నర కాఫీ తోట, కాస్త పసుపు, వాలులో చోళ్ళు, అంటే రాగులు. పనిమంతురాలు, నవ్వితే ఊరంతా వినిపిస్తుంది. కానీ ఒక్క సంగతీ మరిచిపోదు. పదకొండేళ్ళ కిందట తోడికోడలు తన చేటలో చోళ్ళకి ఇసుక కలిపిందట. ఆ తర్వాత తోడికోడలి కూతురి పెళ్ళికి వెళ్ళింది, మూడు రోజులు వంట చేసింది, ఆ ఇంట గుక్కెడు నీళ్ళు మాత్రం తాగలేదు. అలాంటి మనిషి కాలు విరగ్గొట్టాడు దేవీప్రసాద్.

దేవీప్రసాద్ సాలూరు వైపు వ్యాపారి. వారపు సంతలో కాటా పెట్టి కాఫీ గింజలు, పసుపు, రాజ్మా కొంటాడు. తెల్ల బొలెరో ఉంది. మరీ చెడ్డవాడేం కాదు, సంతలో పిల్లలకి బిస్కెట్లు కూడా ఇస్తాడు. ఈ వాక్యం సోములమ్మకి చదివి వినిపిస్తే నన్ను గుమ్మం ఎక్కనివ్వదు, అయినా నిజం కదా, ఉండనిద్దాం. ఆరోజు సంత నుంచి ఆవిడ ఒక్కతే నడిచి వస్తోంది. ఆయన ఫోనులో మాట్లాడుకుంటూ మలుపు తిప్పాడు. అంతే.

108 వచ్చి ఆవిణ్ణి కొండ కింద ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నాలుగో రోజున దేవీప్రసాద్ ఆ ఊరికి ఒక మేకపోతుని తెచ్చాడు.

ఈ మేక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో తగువు వస్తే తప్పు చేసినవాడు మేకని తెస్తాడు. అందరూ కలిసి కోసుకుని తింటే తగువు తీరినట్టు. తెచ్చిన మేకని మళ్ళీ తోలుకుపోకూడదు. తగువు తీరేదాకా అతనితో కొనడం, అమ్మడం ఉండవు. కొండల్లో వ్యాపారం చేసే దేవీప్రసాద్‌కి ఇదంతా మనకంటే బాగా తెలుసు. అందుకే ఆస్పత్రికి వెళ్ళకుండా తిన్నగా మేకతో ఊరికి వచ్చాడు.

కోశారు, తిన్నారు. సోములమ్మ భర్త గాసి కూడా తిన్నాడు. చేతులు కడుక్కునే లోపు దేవీప్రసాద్ ఒక కాగితం తీసి అతని చేత వేలిముద్ర వేయించాడు. ఫలానా తేదీన ఫలానా మలుపులో దేవీప్రసాద్ బొలెరోకి నా భార్య సోములమ్మ తనంతట తనే అడ్డంగా పరిగెత్తుకొచ్చి పడింది, కాలు విరిగింది, డ్రైవింగులో ఆయన తప్పేమీ లేదు అని అందులో ఉంది. అది ఆస్పత్రి కాగితం అనుకున్నాడు గాసి.

కాల్లో రాడ్డు వేయించుకుని, చేతికర్రతో సోములమ్మ ఇంటికొచ్చేసరికి ఆయన కాటా మీద ఊరి సరుకు మామూలుగా తూగుతోంది.

"నా కాలు రుసిగా ఉందేటి?" అని అడిగింది మొగుణ్ణి.

గాసి నేల చూపులు చూశాడు. "అందరూ తిన్నారే. నానొక్కణ్ణీ తినకపోతే బాగోదని."

"ఎవుల కాలు ఇరిగింది?"

"నీదే."

"నాను తిన్నానా?"

"లేదు."

"మరి తగువెలా తీరిందయ్యా?"

ఊరిపెద్ద సుక్రు దగ్గరికి వెళ్ళింది. మాంసం తినేశాక ఏం చెయ్యగలమన్నాడు సుక్రు. అతను చెడ్డవాడు కాదు, కానీ ఆ మేక కూర రెండుసార్లు వేయించుకున్నవాడు. ఆరోజు నుంచి గాసికి ఇంట్లో చోడి అంబలే. కోడి కూసిన ఊళ్ళోనే ఉన్నా కోడికూర ముఖం చూడలేదు పాపం. సోములమ్మ మాత్రం గడపలో కూర్చుని, కొండ కింది రోడ్డు మీద ఆ బొలెరో వెళ్ళినప్పుడల్లా కర్రతో నేల మీద ఒక గీత గీసేది.

ఐదో నెలలో హేమలత ఊరికొచ్చింది. నా దగ్గర పదో తరగతి దాకా చదివిన పిల్ల, ఇప్పుడు కొండ కింద కోర్టులో వకీలు. నేనే వెంటబెట్టుకుని సోములమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. హేమలత కాగితాలన్నీ చూసి చెప్పింది:

"పిన్నీ, రెండు దార్లున్నాయి. ఒకటి, తప్పు ఆయనదే అని రుజువు చెయ్యాలి. ఎక్కువ రావచ్చు. కానీ ఆ మలుపులో సాక్షి లేడు, చిన్నాన్న వేలిముద్ర ఆయన జేబులో ఉంది. రెండోదాంట్లో తప్పెవరిదో మనం చెప్పక్కర్లేదు. బండి వల్ల ఎముక విరిగితే చాలు, బండి యజమాని గాని, బండికి ఇన్సూరెన్సు చేసిన కంపెనీ గాని రెండున్నర లక్షలు ఇచ్చి తీరాలి. ఏదో ఒక దారే పట్టాలి. ఆలస్యం చెయ్యకూడదు."

సోములమ్మ మొహం ముడుచుకుంది. "తప్పు అడగరా?"

"అడగరు."

"బంపరు తుడుసుకున్నాడని సెప్పొద్దా?"

"చెప్పినా వాళ్ళకి అక్కర్లేదు పిన్నీ."

"అదేటి కోర్టే. నాకు డబ్బు కాదు. నువ్వే సేసినావురా అని పదిమందిలో అనిపించాల."

నేను ఊరుకోలేక, "ఒసే, ఆయన తప్పు లేదని రాయించుకున్న కాగితం చూసుకుని మురిసిపోతున్నాడు కదా. ఆ కాగితం ఎందుకూ పనికిరాదని కోర్టులో తెలిస్తే ఆయన మొహం ఎలా ఉంటుందంటావు?" అన్నాను.

ఆలోచించింది. "పనికిరాదా?"

హేమలత నవ్వింది. "మనకి పనికొస్తుంది. బండి ఆయనది, విరిగింది నీ కాలు, ఫలానా తేదీ, ఫలానా చోటు. మనం చూపించాల్సినవన్నీ ఆయనే రాయించిపెట్టాడు."

ప్రమాదం తర్వాత మొదటిసారి సోములమ్మ నవ్వింది. ఆ సాయంత్రం గాసికి కోడిగుడ్డు పెట్టిందట.

కేసు నడిచినన్నాళ్ళూ ప్రతి వాయిదాకీ నేనూ వెళ్ళేదాన్ని, రిటైరైనవాళ్ళకి అంతకంటే కాలక్షేపం ఏముంటుంది. దేవీప్రసాద్ వకీలు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివాడు. హేమలత లేచి, దీనికి మాకు అభ్యంతరం లేదు, రికార్డులోకి తీసుకోండి అంది. జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "అయితే మీ బండికి తగిలే కాలు విరిగిందని ఒప్పుకుంటున్నారన్నమాట" అన్నారు. ఆ వకీలు కాగితం మడతపెట్టిన తీరు నేను ఇప్పటికీ మా చెల్లెలికి నటించి చూపిస్తుంటాను. ఇన్సూరెన్సు కంపెనీ ఇస్తుందిలే అని ధీమాగా ఉన్నవాడికి రెండో దెబ్బ తగిలింది. ప్రమాదానికి ఇరవై రోజుల ముందే ఆ బండి ఇన్సూరెన్సు గడువు అయిపోయింది, ఆయన కట్టడం మరిచాడు. రెండున్నర లక్షలూ ఆయనే ఇవ్వాలని తీర్పు వచ్చింది. లేకపోతే బొలెరోని జప్తు చేస్తారు.

సోములమ్మ సంతోషించిందా? లేదు. బస్సులో అంది: "డబ్బు పడేత్తాడు, మళ్ళీ కాటా ఎడతాడు. తప్పు మాత్రం నాదే అనుకుంటాడు."

పదిరోజులకి దేవీప్రసాద్ ఊరికొచ్చాడు. వెంట మేకపోతు, నల్లది, మెడలో గంట.

"సోములమ్మా, కోర్టులెందుకు మనకి," అన్నాడు. "సగం తీసుకుని బేగి సంతకం ఎట్టీ. ఇదిగో మేక. నువ్వే కొయ్యి, నువ్వే తిను. ఇంక ఏటి కావాల నీకు?"

సోములమ్మ అతని వంక చూడలేదు. సుక్రు వంక చూసింది. "పెద్దా, సావుకారి మేకని ఎందుకు తెచ్చినాడు?"

"తగువు తీరడానికి."

"తగువు ఆ యేడే తీరిపోయిందన్నావు కదా. నువ్వూ తిన్నావు."

సుక్రు తలగీరుకున్నాడు. దేవీప్రసాద్‌ని అడిగాడు: "సావుకారీ, ఆ మేకతో తీరిపోతే ఈ మేక ఎందుకు తెచ్చినావు?"

దేవీప్రసాద్ మేక తాడుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అప్పటికి పదిమందీ చేరారు.

"తప్పు సేసినోడే మేకని తెస్తాడు," అంది సోములమ్మ నెమ్మదిగా. "సరే. తీసుకున్నాను." గంట మేకని తన రాటకి కట్టేసింది. "డబ్బు మొత్తం కోర్టులో కట్టు. మేకని నాకు ఆకలేసినప్పుడు కోస్తాను."

ఆయన డబ్బు కట్టాడు, పైసా తగ్గకుండా. అయినా మేక బతికే ఉంది. మేక బతికున్నంత కాలం తగువు బతికున్నట్టే కాబట్టి ఆ ఊరి సరుకు ఆయన కాటా ఎక్కదు. చుట్టాల ఊళ్ళు రెండు కూడా మానేశాయి. మొన్న ఆయన నా దగ్గరికొచ్చి, "మేడమ్, మీ మాట ఇంటాది. మసాలా కరుసు నాను ఎట్టుకుంటాను, ఆ మేకని కొయ్యమని సెప్పండి" అన్నాడు. చెబుతానన్నాను. చెప్పాను కూడా. సోములమ్మ మేకకి పనసాకు తినిపిస్తూ, "ఇంకా సిన్నది మేడమ్, పెరగనీ" అంది. దానికి మూడేళ్ళు.

ప్రతి వారం దాన్ని వెంటబెట్టుకుని కర్ర ఊతంగా నడుస్తూ సంతకి వస్తుంది. ఉప్పు, ఎండుచేపలు కొనుక్కునేంతసేపూ మేకని ఎక్కడో ఒకచోట కట్టాలి కదా. దేవీప్రసాద్ బొలెరో బంపరుకి కడుతుంది. మేక కొమ్ములతో ఆ తెల్ల బంపరుని తీరిగ్గా గీరుతుంది. ఆయన కాటా దగ్గర నుంచి చూస్తాడు. తగువు మేక, తెచ్చినవాడు దాని తాడు విప్పడానికి లేదు. పోయిన వారం ఆయన చెయ్యి భుజం మీద తువ్వాలు దాకా వెళ్ళింది. ఎండుచేపల దగ్గర నుంచి సోములమ్మ తలెత్తి చూసింది. ఆయన చెయ్యి దించేసుకున్నాడు.